అది సింహమా... పిల్లా?

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? డోరేమాన్ కథ ఎక్కడ ముగుస్తుంది? అహోబిల నరసింహుడి కోపం ఎలా చల్లారింది?... ప్రశ్నలు వేరు, కాలాలు వేరు. కథలో మిగిలిపోయిన ఖాళీని తమకు నచ్చినట్టు పూరించుకునే ముచ్చట మాత్రం అందరిదీ. ఆ ముచ్చటకే ఈకాలం పిల్లలు పెట్టుకున్న పేరు 'ఫ్యాన్ థియరీ'!

బెలుం గుహలు. మెట్లు దిగి నాలుగడుగులు వేశామో లేదో ఒళ్లంతా చెమట. పసుపురంగు దీపాల వెలుగులో, పైనుంచి వేలాడుతున్న రాతి కమాను ముందు ఓ కుటుంబం ఆగింది. ఆళ్లగడ్డ దగ్గరి పల్లె వాళ్లది. అవ్వ, అమ్మ, ఇంటర్ చదివే అబ్బాయి, ఎనిమిదో తరగతి చెల్లి.

''దీన్ని సింహద్వారం అంటారు. పిల్లి ద్వారం అనేవాళ్లూ ఉన్నారు'' చెప్పాడు గైడు.

''సింహం కాదు, పిల్లీ కాదు. అది కురామా!'' అన్నాడు అబ్బాయి. నరూటో కార్టూన్‌లో తొమ్మిది తోకల నక్క పేరది.

''అన్నకు యాడ చూసినా అదే'' నవ్వింది చెల్లి.

''నరసింహస్వామి మొగం రా అది. కండ్లు మూసుకుని చూసినా తెలుస్తాది'' తేల్చేసింది అవ్వ.

ఒక్క రాయి... నాలుగు పేర్లు! గుహలో అంతా ఇదే తంతు. కప్పు నుంచి వేలాడే రాళ్లను చూసి ఎవరో 'వేయిపడగలు' అన్నారు. నేల మీంచి లేచిన బుడిపెలు 'కోటిలింగాలు' అయ్యాయి. వేర్లు దించినట్టున్న స్తంభం 'ఊడలమర్రి'గా మారింది. సున్నపురాయినీ నీటినీ కలిపి ప్రకృతి చేసిన పని ఇంతే. మిగతాదంతా చూసినవాళ్ల చలవ.

అబ్బాయి చేసిందీ అదే. కాకపోతే వాడు రాళ్లతో ఆగడు. చూసిన ప్రతి యానిమేనీ, ఆడిన ప్రతి ఆటనీ అలాగే చదువుతాడు. ''రాత్రి రెండింటి దాకా ఆ విలన్ మంచోడా చెడ్డోడా అని స్నేహితులతో వాదన. ఆ తెలివి ఫిజిక్సు మీద పెట్టొచ్చు కదా అంటాను'' వాళ్లమ్మ ఫిర్యాదు.

ఇది ఆమె ఒక్కరి బాధ కాదు. ఇంట్లో యానిమే చూసే పిల్లలున్న చాలామంది అమ్మానాన్నలు అనే మాటే. ఇంతకీ ఏమిటీ థియరీలు? వీటిలో ఉన్నది కాలక్షేపమేనా?

కట్టప్పే గురువు!

'మాకు ఇలాంటి పిచ్చి లేదు' అనే పెద్దలు ఒక్కసారి 2015 జులై 10 తర్వాతి రోజులు గుర్తుచేసుకోవాలి. 'బాహుబలి' మొదటి భాగం విడుదలైంది. కట్టప్ప వెనక నుంచి కత్తి దించాడు. తెర పడింది. రెండో భాగం వచ్చింది 2017 ఏప్రిల్ 28న. మధ్యలో దాదాపు ఇరవై రెండు నెలలు... టీకొట్టు నుంచి పెళ్లి విందు దాకా ఒకటే ప్రశ్న. శివగామి ఆజ్ఞాపించిందని ఒకరు, బాహుబలే తనను చంపమని అడిగాడని ఇంకొకరు, అసలు బాహుబలి చనిపోనే లేదని మరొకరు. అవన్నీ ఫ్యాన్ థియరీలే. ఆ పేరు మనకు తెలియదంతే!

ఈ సినిమాకూ ఈ సీమకూ ఓ బంధం ఉంది. 2013 జులైలో 'బాహుబలి' చిత్రీకరణ మొదలైంది కర్నూలు దగ్గరి ఓర్వకల్లు రాతివనాల్లోనే. చిత్రంగా ఉండే రాళ్లున్న చోటే రాష్ట్రమంతా బుర్ర బద్దలు కొట్టుకున్న కథకు కొబ్బరికాయ కొట్టారన్నమాట.

అప్పట్లో శివగామి పేరు చెప్పినవాళ్లు గాల్లో బాణం వేయలేదు. కట్టప్ప సింహాసనానికి కట్టుబడిన బానిస అని మొదటి భాగంలోనే ఉంది. అంతటి ఆప్తుణ్ని చంపించాలంటే రాజమాత మాటకే ఆ బలం ఉంటుంది. తెరమీద కనిపించిన ఆధారం పట్టుకుని లెక్క కట్టారు. లెక్క సరిపోయింది. మిగతా థియరీలు వీగిపోయాయి. ఎవరూ బాధపడలేదు. పైగా రెండో భాగానికి మరింత ఆత్రంగా వెళ్లారు!

ముసుగులో ఎవరు?

సరిగ్గా ఇదే జపాన్ కథలతో ప్రపంచమంతా జరుగుతోంది. మసాషి కిషిమోటో 'నరూటో' బొమ్మల కథను 1999 నుంచి 2014 దాకా ధారావాహికగా గీశారు. అందులో 'టోబి' అనే ముసుగు మనిషి ఉంటాడు. వాడెవడన్నది ఏళ్ల తరబడి రహస్యం. చాలా ముందు బండకింద నలిగి చనిపోయాడనుకున్న 'ఒబిటో' అనే కుర్రాడే వీడని కొందరు అభిమానులు పట్టుబట్టారు. వాళ్ల ఆధారాలు చూడండి. టోబి, ఒబిటో... అక్షరాలు అటూ ఇటూ చేస్తే పేరు దాదాపు ఒకటే. ముసుగుకు కుడికన్ను దగ్గర ఒక్కటే రంధ్రం. ఒబిటో చనిపోయే ముందు ఎడమకన్ను స్నేహితుడికి ఇచ్చేశాడు. అంటే మిగిలింది కుడికన్నే!

'చచ్చినవాడు ఎలా వస్తాడు, వయసు కుదరదు' అని ఎదుటివాళ్లు ఎగతాళి చేశారు. 2012లో ముసుగు పగిలింది. లోపల ఉన్నది ఒబిటోనే!

అన్ని ఊహలూ ఇలా గెలవవు. 'పోకెమాన్'లో యాష్ అనే పిల్లాడు 1997 నుంచి పాతికేళ్లు గడిచినా పదేళ్లవాడిగానే ఉండిపోయాడు. అందుకని 'మొదటి భాగంలోనే వాడు కోమాలోకి వెళ్లాడు, మిగతాదంతా కల' అని ఓ థియరీ పుట్టింది. ప్రపంచమంతా తిరిగింది. కానీ కథ దాన్ని ఎప్పుడూ నిజం చేయలేదు. యాష్ 2022లో ప్రపంచ విజేత అయ్యాడు, మరుసటి ఏడాది కథలోంచి సెలవు తీసుకున్నాడు. కోమా ఊసే లేదు.

గుహలోని ఆ అబ్బాయి ఈ థియరీ పేరెత్తగానే మొహం చిట్లించాడు. ''అంతా కల అనేస్తే ఏ ప్రశ్నకైనా సమాధానం వచ్చేస్తుంది అన్నా. అందుకే అది సమాధానమే కాదు'' అన్నాడు. వాళ్లమ్మ కొడుకు వైపు కాస్త ఆశ్చర్యంగా చూసింది. ఈ మాట ఫిజిక్సు మాస్టారు అన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు మరి!

డోరేమాన్ బ్యాటరీ అయిపోతే...

డోరేమాన్ తెలియని ఇల్లుండదు. దాని సృష్టికర్త ఫుజికో ఎఫ్. ఫుజియో 1996లో కన్నుమూశారు. కథకు ముగింపు రాయకుండానే వెళ్లిపోయారు. ఆ ఖాళీ జపాన్‌లో ఎంతోమంది అభిమానులను నిద్రపోనివ్వలేదు.

అలా పుట్టిన ఊహల్లో ఒకటి ఇది. ఓ రోజు డోరేమాన్ బ్యాటరీ అయిపోతుంది. కొత్తది వేస్తే నోబితాతో గడిపిన జ్ఞాపకాలన్నీ చెరిగిపోతాయి. చదువంటే ఆమడ దూరం పరుగెత్తే నోబితా ఆ రోజు నుంచి పుస్తకం పడతాడు. ఏళ్లు గడుస్తాయి. పెద్ద రోబో శాస్త్రవేత్త అవుతాడు. జ్ఞాపకాలు చెదరకుండా తన నేస్తాన్ని తనే మేల్కొలుపుతాడు!

2005లో ఓ అభిమాని చిత్రకారుడు దీన్ని బొమ్మల పుస్తకంగా గీసి అమ్మాడు. అచ్చం అసలు కథలాగే ఉండటంతో పది వేలకు పైగా ప్రతులు చెల్లాయి. చాలామంది అదే నిజమైన ముగింపు అనుకున్నారు. హక్కులున్న ప్రచురణ సంస్థ అభ్యంతరం చెప్పింది. 2007లో ఆ చిత్రకారుడు క్షమాపణ చెప్పి, లాభంలో కొంత సొమ్ము కట్టాడు.

చట్టం తన పని తాను చేసింది. అది న్యాయమే. కానీ ఆ ముగింపును ఒకసారి చూడండి. బద్ధకస్తుడని అందరూ వదిలేసిన పిల్లాడు ప్రేమకోసం చదువుకుంటాడని నమ్మిన కథ అది. నోబితా ఏమవుతాడన్నది ఆ అభిమాని ఊహ కావచ్చు. ఏం కావాలని పిల్లలంతా కోరుకున్నారో అందులో ఉంది.

ఆటల్లోనైతే ఖాళీలు కావాలనే వదులుతారు. 'డార్క్ సోల్స్' (2011), 'ఎల్డెన్ రింగ్' (2022) ఆటలు రూపొందించిన జపాన్ దర్శకుడు హిదెటకా మియజాకి చిన్నప్పుడు ఇంగ్లిషు పుస్తకాలు చదివేవాడట. భాష పూర్తిగా రాదు. అర్థంకాని చోట్ల బొమ్మలు చూసి కథ తనే అల్లుకునేవాడు. పెద్దయ్యాక తన ఆటల్లో కథను పూర్తిగా చెప్పకపోవడానికి ఆ అలవాటే మూలమని ఆయనే చెప్పుకున్నాడు. కత్తి మీదా, ఉంగరం మీదా రాసిన రెండు మూడు వాక్యాలు ఏరుకుని ఆడేవాళ్లు కథను కూర్చుకోవాలి. ఇంగ్లిషు సినిమా సగం అర్థమై సగం కాక, మిగతా కథ మనమే చెప్పుకున్న రోజులు మనకూ ఉన్నాయిగా!

శశిరేఖ ఎక్కడిది?

ఇదంతా విదేశీ దిగుమతి అనుకుంటే పొరపాటే. వ్యాస భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. మరి శశిరేఖ? ఆమె వ్యాసుడి పాత్ర కాదు. జనం నోటి కథల్లో పుట్టింది. 'బలరాముడికి ఓ కూతురుండి, ఆ పిల్లను మేనత్త కొడుక్కి ఇవ్వాల్సి వస్తే?' అని మనవాళ్లు మన ఇంటి మేనరికాన్ని భారతంలోకి తీసుకెళ్లారు. 1957లో 'మాయాబజార్' వచ్చాక శశిరేఖ లేని భారతాన్ని తెలుగువాళ్లు ఊహించుకోవడమే కష్టం!

1977 సంక్రాంతికి ఎన్టీఆర్ 'దానవీరశూరకర్ణ' తీశారు. కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు... మూడు వేషాలూ ఆయనవే. దుర్యోధనుణ్ని అభిమానధనుడిగా నిలబెట్టారు. 'విలన్ వైపు నుంచి చూస్తే?' అని ఈ రోజు పిల్లలు యానిమే మీద అడిగే ప్రశ్నే అది.

'ఆర్ఆర్ఆర్' సంగతి మరీ విచిత్రం. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం చరిత్రలో ఎప్పుడూ కలిసింది లేదు. ఇద్దరూ యువకులుగా ఉన్నప్పుడు కొంతకాలం ఇంటికి దూరంగా గడిపారు, అప్పుడు కలిసి ఉంటే ఎలా ఉంటుందన్నదే కథ అని రాజమౌళి 2019 మార్చిలో విలేకరులకు చెప్పారు. చరిత్రలో దొరికిన ఖాళీ మీద కట్టిన థియరీ! 2022 అక్టోబరు 21న అది జపాన్‌లో విడుదలై అక్కడ అత్యధిక వసూళ్లు సాధించిన భారతీయ చిత్రమైంది. అంతటితో ఆగలేదు. ఆడవాళ్లే మగ వేషాలూ వేసే ప్రఖ్యాత తకరజుకా నాటక సంస్థ 2024 జనవరిలో దాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. భీం వైపు నుంచి కథ చెప్పింది! మన పిల్లలు వాళ్ల నరూటోను వాదించుకుంటుంటే, వాళ్లు మన భీమ్‌ను తమ కళ్లతో చూసుకున్నారు.

అవ్వకు కోపం వచ్చింది

గుహలో చిన్న పేచీ వచ్చింది ఇక్కడే. పాతాళగంగ వైపు దిగుతూ అబ్బాయి హుషారుగా అన్నాడు... ''అవ్వా, మన అహోబిలం చెంచులక్ష్మి కథ కూడా ఫ్యాన్ థియరీయే తెలుసా?''

వాడి లెక్క వాడికుంది. భాగవతంలో హిరణ్యకశిపుణ్ని చంపాక నరసింహుడి ఉగ్రం తగ్గదు. దేవతలు దగ్గరకు రాలేరు. లక్ష్మీదేవి కూడా జంకుతుంది. చివరికి పసివాడు ప్రహ్లాదుడు స్తుతిస్తే శాంతిస్తాడు. అహోబిలం అడవుల్లో చెప్పుకునే కథ వేరు. స్వామి ఆ కొండల్లో తిరుగుతూ చెంచుపిల్లను చూసి మనసు పారేసుకున్నాడు, ఆమెను పెళ్లాడాడు. చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. 1958లో అక్కినేని, అంజలీదేవి నటించిన 'చెంచులక్ష్మి' చూసినవాళ్లకు ఈ ముచ్చట కొత్త కాదు. 2025 జులైలో వచ్చిన 'మహావతార్ నరసింహ' యానిమేషన్ సినిమాను అవ్వా మనవడూ కలిసే చూశారు. ఆ రోజు నుంచి ఇంట్లో స్వామి మీద చర్చే.

అవ్వ మాత్రం ఆగిపోయింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది... ''థియరీనో ఏందో నాకు తెల్దు నాయనా. పారువేటప్పుడు సామి పల్లకీలో మా వీధికొస్తాడు. తన పెండ్లికి రమ్మని మమ్మల్ని పిలిచిపోతాడు. మీ థియరీలో వాళ్లెవరన్నా మీ ఇంటికొచ్చి పిలిచినారా?''

అబ్బాయి దగ్గర సమాధానం లేదు.

ఏటా కనుమ రోజు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. ఉత్సవమూర్తులు నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే కల్యాణానికి స్వామే స్వయంగా పిలుస్తాడని నమ్మకం. కులం, మతం చూడకుండా ఊళ్లు ఎదురేగుతాయి. అది తర్కంతో తేల్చుకునే సంగతి కాదు. ఒక బంధుత్వం. చెంచు ఇంట్లో 'మా అల్లుడు' అనే మాట వాదనలో గెలవడానికి పుట్టింది కాదు. దేవుణ్ని తమవాడిగా చేసుకోవడానికి పుట్టింది.

తేడా ఇక్కడుంది. కట్టప్ప మీద థియరీ తప్పయితే నవ్వుకుని ఊరుకుంటాం. తరతరాలుగా ఒక జనం తమ బతుకును పెనవేసుకున్న కథ అలాంటిది కాదు. రెండింటికీ మూలం ఊహే అని పిల్లలు అనుకోవచ్చు. కానీ ఒకదాన్ని ఆడుకుంటాం, ఇంకొకదానిలో బతుకుతాం. ఎదుటివాళ్లు బతికే కథ గురించి మాట్లాడేటప్పుడు గొంతు కాస్త తగ్గించాలి. ఏ వీడియోలోనూ చెప్పని ఈ పాఠం ఆ అబ్బాయికి అవ్వ చెప్పింది.

ఆధారం ఏది?

అలాగని అవ్వ మాట విని పిల్లలు ఊహలు మానేయాలా? అక్కర్లేదు. పాతాళగంగే అందుకు సాక్ష్యం. బెలుం గుహల్లో అన్నిటికన్నా లోతైన చోటు ఇది. నేలమట్టానికి సుమారు 46 మీటర్ల కింద సన్నటి నీటి పాయ కనిపించి మాయమవుతుంది. ఆ నీళ్లు రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం ఊరి బావిలోకి చేరతాయని స్థానికులు అంటారు. ఇదీ ఓ థియరీయే. కాకపోతే దీన్ని నీటిని వెంబడించి పరీక్షించవచ్చు.

ఈ గుహలు మనకు దక్కింది కూడా అలా వెంబడించినవాళ్ల వల్లే. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని నమోదు చేశాడు. తర్వాత దాదాపు వందేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83ల్లో డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికి దిగి కొలిచింది. గుహ పొడవు 3,229 మీటర్లని తేలింది. 'ఇంకా లోపలికి ఉంటుందేమో' అన్నది ఊహ. టేపు పట్టుకుని పాకడం శాస్త్రం. మొదటిది లేకపోతే రెండోది మొదలుకాదు. రెండోది లేకపోతే మొదటిది పుకారుగానే మిగిలిపోతుంది.

పిల్లల థియరీలతో పెద్దవాళ్లు చేయాల్సిందీ ఇదే. ఆపడం కాదు... 'ఆధారం ఏది?' అని అడగడం. యానిమే విలన్ మీద ఆ ప్రశ్నకు అలవాటుపడిన పిల్లాడు రేపు వాట్సప్‌లో వచ్చిన ప్రతి సందేశాన్నీ అదే ప్రశ్న అడుగుతాడు. 'మా నాన్నకు ఎవరో పంపారు' అంటే ఊరుకోడు. అడగడం అలవాటు లేకపోతే మాత్రం ముప్పే. కోమా కథ నమ్మినంత తేలిగ్గా ఏ పుకారైనా నమ్మేస్తాడు. రాత్రి రెండింటి దాకా మేలుకోవడం మాత్రం ఏ థియరీతోనూ సమర్థించుకోలేం. ఆ విషయంలో అమ్మ మాటే ఫైనల్!

భోజనాల దగ్గర ఆడొచ్చు!

* కథలో ఎక్కడ చూశావు? థియరీ చెప్పగానే అడగాల్సిన మొదటి ప్రశ్న. చూపించలేకపోతే అది కోరికే తప్ప థియరీ కాదు.

* ఏం జరిగితే నీ థియరీ తప్పవుతుంది? ఏం జరిగినా తప్పు కాదంటే ఆ థియరీని పక్కన పెట్టొచ్చు.

* ఎదుటివాడి థియరీని వాడు ఒప్పుకునేలా ముందు నువ్వు చెప్పు. ఆ తర్వాతే వాదన. సగం గొడవలు ఇక్కడే ఆగిపోతాయి.

* తప్పని తేలితే ఏం చేస్తావు? 'నేను పొరబడ్డాను' అని నవ్వుతూ అనగలిగినవాళ్లకు ఆ రోజు రెండో గరిటె పాయసం!

* పెద్దవాళ్లకూ ఓ వంతు. మాయాబజార్ గురించో, కర్ణుడి గురించో మీ థియరీ చెప్పండి. పిల్లలు మీకూ అవే ప్రశ్నలు వేస్తారు. సిద్ధంగా ఉండండి.

బెలుం వెళ్లాలంటే...

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి బెలుం గుహలు. దగ్గరి పట్టణం తాడిపత్రి, సుమారు 30 కిలోమీటర్లు. కర్నూలు నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు. 2002లో సందర్శకులకు తెరిచారు. దాదాపు కిలోమీటరున్నర మేర నడిచి చూడొచ్చు. లోపల ఉక్కగా ఉంటుంది. నూలు దుస్తులు, మంచినీళ్లు మరవొద్దు. కొన్నిచోట్ల వంగి నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పాతాళగంగ దాకా దిగే ముందు ఒకసారి ఆలోచించుకోవడం మంచిది.

గుహ నుంచి బయటికొచ్చే దారిలో మళ్లీ అదే కమాను. ఆ కుటుంబం ముందు నడుస్తోంది. మెట్ల దగ్గర అవ్వ ఆయాసపడితే మనవడు చెయ్యి అందించాడు.

''అవ్వా, ఈసారి పారువేటకు నేనూ వస్తా. సామి ఏమని పిలుస్తాడో చూస్తా'' అన్నాడు.

''రా నాయనా'' అంది అవ్వ. నాలుగు మెట్లెక్కి, ఆగి, వెనక్కి తిరిగి ఆ రాయిని ఇంకోసారి చూసింది.

''ఇంతకీ ఆ నక్కకు తొమ్మిది తోకలెందుకురా? చెప్పు విందాం.''

వాడు మొదలుపెట్టాడు. పైకి చేరేదాకా ఆపలేదు. అవ్వ మధ్యమధ్యలో అడుగుతూనే ఉంది... ''అట్లని యాడుంది?''